స్తూపం సరే, వాడకు పట్టా ఏదీ?



పోస్టు పొడుగైంది. తీరిక చేసుకుని చదవండి, చదివినాక మీ మండలం గ్రూపుల్లో కూడా పెట్టండి.

మన శ్రీకాళహస్తి పక్కన ఒక ఊళ్లో స్తూపం లేపాలని పెద్దోళ్లు తలపెట్టినారు. మూడు తరాల కింద ఆ ఊళ్లో ఉన్న ఒక భూస్వామి పేరు మీద. ఆయన తెగిన చెరువు కట్ట పోయించినాడంట, తూము బాగు చేయించినాడంట, చుట్టుపక్కల అందరికంటే ముందు ఆయిలింజను తెచ్చి బావి నీళ్లతో చెరుకు, వేరుశనగ పండించి చూపించినాడంట. అందుకని నలభై అడుగుల స్తూపం, పైన వరి కంకుల మోపు, కింద నల్లరాతి పలక. ఊరి పేరు, మనిషి పేరు మేం రాయం. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. ఆయన వారసులతో మనకు కొట్లాట లేదు. మన కొట్లాట ఆ స్తూపం నిలబెట్టే చోటు గురించి, ఆ పలక మీద చెక్కబోయే మాట గురించి.

చోటు చెరువు పోరంబోకు. దాని పక్కనే మన యానాదుల వాడ, ఇరవై ఇండ్ల లోపే. ఆ ఇండ్లకు ఇంటి పట్టాలు లేవు. అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు: "చెరువు పోరంబోకు, పట్టా ఇయ్యడానికి రూలు ఒప్పదు." అదే పోరంబోకులో స్తూపానికి మాత్రం ముగ్గు పోసినారు. రూలు రాతికి ఒప్పింది, మనిషికి ఒప్పలేదు. పైగా వాడలో ఇంటికి ఐదు నూర్లు చందా అడిగినారు. పులిహోర పంచేటప్పుడు గుర్తురాని వాడ చందాకు మాత్రం బాగా గుర్తొచ్చింది.

ఇంక పలక మీద మాట. ఈ ఊరి సేద్యాన్ని బాగు చేసింది ఆయనే అని. ఆ "ఆయనే" దగ్గర మనం ఆగాల.

వాడలో పెద్దాయన ఒకరు మాతో అన్నాడు: "మంచోడు రా అబ్బా. ఆకలంటే సంగటి పెట్టించేవోడు. పలక మీద రాస్తే రాసుకోనీ, మనకేం పోయె?" ఆ మాటను మేం తీసిపారేయం. సంగటి పెట్టిన మనిషిని తలుచుకోవడం మన పెద్దోళ్ల మంచితనం. కానీ సంగటి పెట్టడం వేరు, సేద్యం బాగు చేయడం వేరు. ఆ సంగటి గింజలు ఎవరి చేతుల మీదుగా ఇంటికి చేరినాయో ఒకసారి లెక్క చూద్దాం.

కట్ట తెగితే దొర గట్టు మీద నిలబడతాడు, తట్ట ఎత్తేది వేరేవాళ్లు. మట్టి పని అంటే ముందు వడ్డెరన్నల పేరు చెప్పాల, మాదిగ, మాల వాడల పేరు చెప్పాల. మనోళ్లు చేసిన పని ఇంకోటి. రాత్రి తూము కాడ కాపలా. కయ్యలకు నీళ్లు కట్టడం. వానొచ్చి కలుజు పారేటప్పుడు కట్ట పొడుగునా తిరిగి యాడన్నా బుంగ పడిందేమోనని చూడడం. చేను కోతకొచ్చినప్పుడు పందిని, దొంగను కాయడం. అన్నిటికన్నా ఎలుకల పని.

ఈ ఎలుకల పని గురించి ఎవురూ రాయరు కాబట్టి మేమే రాస్తాం. వరి పొట్టకొచ్చిన కాడి నుంచి ఎలుక కంకి కొరికి బొరియలోకి లాక్కుపోతుంది. గట్టును తొలిచేది కూడా అదే, గట్టు తొలిస్తే మడిలో నీళ్లు నిలవవు. మన తాతోళ్లు అడుగు మట్టి చూసి బొరియకు ఎన్ని నోళ్లు ఉండాయో చెప్పేవాళ్లు. ఒక నోరు విడిచి మిగతావి మూసి, కుండలో గడ్డి పెట్టి పొగ ఊదేవాళ్లు. మందు లేదు, విషం లేదు, చేనుకు నష్టం లేదు. కూలి ఏమంటే కొన్ని చోట్ల తోక లెక్కన చిల్లర, చాలా చోట్ల బొరియలో దొరికిన గింజలు, ఆ ఎలుకలే. అంటే దొర గింజల్ని కాపాడినందుకు, ఎలుక దాచుకున్న గింజలు కూలి! ఇది సేద్యం బాగు చేయడం కాదా? ఏ వ్యవసాయ కాలేజీలోనైనా దీన్ని పంట రక్షణ అని ఒక సబ్జెక్టుగా చెప్తారు. మనోళ్లు చేస్తే "ఎలుకలు పట్టేవోళ్లు" అని ఎగతాళి. ఇంజను తెచ్చినాయనకు స్తూపం, పంట కాపాడినాయనకు ఎగతాళి పేరు. ఈ తూకం మాకు ఒప్పదు.

ఈ తూకం కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు మనలో చాలామంది చూసుంటారు. 1369 నాటి శాసనం ఉంది అక్కడ. విజయనగరం రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించినాడని చెక్కినారు. మంచి చెరువుకు ఏమేం ఉండాలో పన్నెండు లక్షణాలు కూడా అందులో చెప్పినారు, అది గొప్ప విషయమే, మేం కాదనం. అదే శాసనంలో ఇంకో లెక్క ఉంది: రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు. మనుషుల్నీ బండ్లనూ పక్క పక్కన లెక్కేసినారు. రాజకుమారుడి పేరు ఆరున్నర నూర్ల ఏళ్లుగా రాతి మీద ఉంది, ఆ వెయ్యి మంది మాత్రం ఒక అంకె. కనీసం ఆ రాయి ఎంతమంది పని చేసినారో చెప్పింది. మనూరి స్తూపం పలక మీద ఆ అంకెకు కూడా చోటు లేదు.

"దొర సొంత డబ్బు పెట్టినాడు కదా" అంటారు. మంచి ప్రశ్నే. దీనికి మన ప్రాంతం చరిత్రలోనే జవాబు ఉంది, దాని పేరు దశబంధం. చెరువు తవ్వించినా, పూడిక తీయించినా, బావి తవ్వించినా, అందుకు బదులుగా ఆ నీటి కింద భూమో, ఆదాయంలో భాగమో ఇనాంగా ఇచ్చే పద్ధతి రాయలసీమలో, నెల్లూరు, చిత్తూరు వైపుల్లో శతాబ్దాలు నడిచింది. శాసనాల్లోనూ కనపడుతుంది, తెల్లోళ్ల ఇనాం లెక్కల్లోనూ కనపడుతుంది. అంటే చెరువు కట్టించడం ఒట్టి పుణ్యం పనే కాదు, పెట్టుబడి కూడా. పెట్టిన డబ్బుకు భూమి వచ్చేది. 1956లో ఇనాంల రద్దు చట్టం వచ్చి ఇనాం అనే పేరు పోయింది గానీ, ఆ చట్టం చేసింది ఇనాంను రైత్వారీ పట్టాగా మార్చడమే. ఈ ఊరి దొరకు దశబంధం ఉండేదని మేం అనడం లేదు. పద్ధతి అట్లాంటిది అంటున్నాం. చేయించినాయనకు ప్రతిఫలం భూమి రూపంలో, చేసినోడికి ప్రతిఫలం ఆ పూట గింజల రూపంలో. మొదటిది కొడుక్కు, మనవడికి వస్తుంది. రెండోది రాత్రికి అరిగిపోతుంది.

పనిలోకి రాకపోతే ఏమయ్యేదో కూడా తెలుసుకోండి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది, నిర్బంధ కూలి చట్టం. కుడిమరామత్తు చట్టం అని కూడా అంటారు. చెరువు కట్ట, ఏటి గట్టు తెగే ప్రమాదం వస్తే ఊళ్లో కూలి జనాన్ని పనికి రమ్మని ఒత్తిడి చేసే అధికారం దాంతో వచ్చింది, రాకుంటే శిక్ష. భూమి ఉన్నోడి పొలానికి నీళ్లు రావాలంటే, భూమి లేనోడు రాకపోవడం నేరం. ఆ కాలంలో మన కాళహస్తి జమీందారీ. 1802లో కంపెనీ వాళ్లు వెంకటగిరి, కాళహస్తి లాంటి పాళేలకు శాశ్వత సన్నదులు ఇచ్చినారు. కాళహస్తి దామెర్ల వారిది. వాళ్ల పూర్వీకుడు చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయిందని చెప్తారు. చూడండి, ఒక నాయకుడి పేరుకు ఏకంగా ఒక మహానగరం! 1948 చట్టంతో జమీందారీలు రద్దయినాయి. దున్నే రైతుకు పట్టా వచ్చింది, సంతోషం. తూము కాసినోడికి, చేను కాసినోడికి ఏ కాగితమూ రాలేదు. ఎందుకంటే ఆ లెక్కల్లో వాడు రైతు కాడు, కూలీ అని కూడా సరిగ్గా రాయలేదు.

మరి ఏమని రాసినారు? దొంగ అని రాసినారు. 1871 క్రిమినల్ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి 1911లో వచ్చింది. మన ఎరుకల అన్నల్ని కుటుంబాలకు కుటుంబాలు సెటిల్‌మెంట్లలో పెట్టినారు, హాజరు వేయించుకున్నారు. యానాదుల మీద కూడా కొన్ని చోట్ల ఆ ముద్ర పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది కదా, అది ఎరుకల సెటిల్‌మెంటు. ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్‌ది. అంటే కాపలాలో పెట్టినాయన పేరే ఊరికి, కాపలాలో ఉన్నోళ్లకు పోలీసు రిజిస్టర్లో నంబరు. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. ఊరి పేరు పోలేదు. రాత్రంతా చేను కాసినోళ్లను దొంగలన్నారంటే, నవ్వాలో ఏడవాలో తెలియదు.

స్తూపం అంటున్నారు కాబట్టి, ఇదే పని బయట దేశాల్లో ఎట్లా చేసినారో వెతికినాం. రెండు దొరికినాయి, రెండూ తెలుసుకోదగ్గవే.

మొదటిది ఇంగ్లండులో నార్ఫోక్ అనే ప్రాంతం, హోల్కమ్ అనే ఎస్టేటు. థామస్ విలియం కోక్ అనే భూస్వామి 1776లో ఎస్టేటు చేతికి తీసుకుని 1842లో చనిపోయినాడు. టర్నిప్, బార్లీ, క్లోవర్ గడ్డి, గోధుమ మార్చి మార్చి వేసే పద్ధతికి, మంచి గొర్రెల జాతికి బాగా ప్రచారం చేసినాడు. ఆయన జ్ఞాపకార్థం 1845 నుంచి 1850 దాకా దాదాపు 120 అడుగుల స్తంభం కట్టినారు. పైన గోధుమ కంకుల మోపు, నాలుగు మూలల్లో ఎద్దు, గొర్రె, నాగలి, విత్తనాల గొర్రు. మనూరోళ్లు వేయించిన నమూనా చూసినట్టే ఉంటుంది! అయితే ఒకటి గమనించండి. ఆ స్తంభం కింద చెక్కిన బొమ్మల్లో ఒకటి కౌలు పత్రం ఇచ్చే దృశ్యం. కోక్‌కు పేరు రావడానికి కారణాల్లో ఒకటి కౌలుదారుకు 21 ఏళ్ల దాకా రాతపూర్వకంగా కౌలు ఇయ్యడం. ఇరవయ్యొక్క ఏళ్లు భూమి చేతిలో ఉంటుందని తెలిస్తేనే కౌలుదారు పొలానికి ఎరువు తోలుతాడు, గట్టు కడతాడు. ఇప్పుడు మన సంగతి చూడండి. మన రాష్ట్రంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కార్డు గడువు పదకొండు నెలలు, అదీ పట్టాదారు ఒప్పుకుంటేనే. నోటిమాట కౌలు చేసే మనోళ్లకు ఆ కార్డు కూడా అందని పండే. కోక్ స్తంభం లాంటిది కావాలంటే ముందు కోక్ కౌలు లాంటిది ఇయ్యండి, తరవాత మాట్లాడుకుందాం. ఇంకో మాట, ఆ పంటల మార్పిడి కోక్ పుట్టకముందే నార్ఫోక్ రైతులకు తెలుసని తరవాతి చరిత్రకారులు తేల్చినారు. రైతులు కనిపెట్టింది దొర పేరు మీద చెలామణి అయింది.

రెండోది స్కాట్లండులో, గోల్స్పీ అనే ఊరి మీద ఉన్న కొండ. ఆ కొండ నెత్తిన సదర్లండ్ డ్యూక్ విగ్రహం, పీఠంతో కలిపి నూరడుగుల ఎత్తు, 1837లో నిలబెట్టినారు. కృతజ్ఞతతో ఉన్న కౌలుదారులే దీన్ని పెట్టించినారని దాని మీదే రాసుంది. ఆ కృతజ్ఞత ఎట్లాంటిదో వినండి. ఆ డ్యూకు, ఆయన భార్య, వాళ్ల ఏజెంట్లు 1810ల్లో "సేద్యం మెరుగుదల" అని పేరు పెట్టి, లోయల్లో తరతరాలుగా ఉన్న వేలమందిని ఖాళీ చేయించి ఆ భూమిని పెద్ద గొర్రెల దొడ్లకు ఇచ్చినారు. స్ట్రాత్‌నేవర్ లోయలో ఇండ్ల కప్పులు తగలబెట్టినారు. ప్యాట్రిక్ సెల్లర్ అనే ఏజెంటు మీద 1816లో కేసు నడిచింది, జ్యూరీ వదిలేసింది. జనాన్ని సముద్రం ఒడ్డుకు తోలి చేపలు పట్టుకోమన్నారు, చాలామంది ఓడలెక్కి దేశాలు పట్టిపోయినారు. అట్లా బాగుపడిన సేద్యానికి ఆ విగ్రహం. 1994లో దాన్ని దించాలని అక్కడోళ్లే అడిగినారు, దించలేదు. కానీ 2007లో పక్కనున్న హెల్మ్స్‌డేల్‌లో ఇంకో విగ్రహం వచ్చింది: ఊరొదిలి పోతున్న ఒక కుటుంబం.

అది చదివినప్పుడు మాకు శ్రీహరికోట గుర్తొచ్చింది. రాకెట్ కేంద్రం కోసం దీవి ఖాళీ చేసినప్పుడు మన యానాదులు అడవిని, తేనెను, మందు చెట్లను వదిలి బయటికొచ్చినారు. రాకెట్ లేచిన ప్రతిసారీ మనమూ చప్పట్లు కొడతాం, దేశం మనది కూడా. ఆ పోయిన కుటుంబాల బొమ్మ ఒక్కటి సూళ్లూరుపేట రోడ్డు మీద పెడితే రాకెట్ కిందికి పడదు కదా.

ఇప్పుడు చట్టం సంగతి, ఎందుకంటే "పిల్లోళ్లు ఆవేశపడతాండారు" అనే మాట అప్పుడే మొదలైంది. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. చెరువులు, ఊరి ఉమ్మడి భూములు ఆక్రమించినోళ్లను తీసేయాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఎంత డబ్బు పెట్టి కట్టినా, ఎంత పలుకుబడి ఉన్నా దాన్ని సాకు చేయొద్దంది. క్రమబద్ధం చేయడానికి ఒప్పుకున్నవి కొన్నే: భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చినవి, బడి, ఆస్పత్రి లాంటి ప్రజల అవసరానికి వాడేవి. తీర్పు మళ్లీ మళ్లీ చదవండి. మన వాడకు ఆ తీర్పులో ఒక సందు ఉంది, ప్రభుత్వం తలుచుకుంటే ఇయ్యొచ్చు. స్తూపానికి ఆ సందు కూడా లేదు. 2013 జనవరి 18న ఇంకో ఉత్తర్వులో రోడ్ల మీద, ప్రజలు వాడుకునే చోట్ల విగ్రహాలకు అనుమతి ఇయ్యొద్దని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇన్నాళ్లూ మనకు చెప్పిన రూలు అసలు స్తూపానికి చెప్పాల్సిన రూలు.

డీకేటీ భూమి ఉన్నోళ్లకు ఒక మాట. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం మన తాతోళ్లకు ఇచ్చిన భూమి వేరేవాళ్ల చేతిలోకి పోతే ఆ అమ్మకం చెల్లదు, వెనక్కి ఇప్పించాల. 2023లో సవరణ చేసి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమి మీద అమ్ముకునే హక్కు కల్పించినారు. హక్కు అనగానే సంతోషపడకండి. మన శ్రీకాళహస్తి, ఏర్పేడు, రేణిగుంట వైపు భూమి ధర ఎట్లా ఎగిరిందో మీకు తెలుసు. మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, 1/70 చట్టం ఇక్కడ పనిచేయదు. పాడేరులో గిరిజనుడికి ఉండే కంచె మనకు లేదు. అప్పు తీర్చడానికి వేలిముద్ర వేస్తే ఆ భూమి మళ్లీ మన మొహం చూడదు.

"కన్నప్ప మీవాడే కదా, ఆయనకు కొండ మీద గుడే ఉంది, ఇంకేం కావాల?" అని ఒక అన్న అడిగినాడు. తిన్నడు ఏ తెగవాడనే వాదనలోకి మేం పోం, చాలామంది మావాడంటారు, అనుకోనీండి. వేటగాడు, అడవి మనిషి, అది చాలు. ఏటా శివరాత్రి బ్రహ్మోత్సవాలకు మొదటి ధ్వజం ఎగిరేది కన్నప్ప కొండ మీదే, స్వామి కంటే ముందు. దానికి మనం గర్వపడతాం. కానీ జెండా ఎగరేసేటప్పుడు మొదట, కాగితం ఇచ్చేటప్పుడు చివర అంటే అది గౌరవం కాదు. 1516లో రాయలు కట్టించిన గోపురం 2010 మే 26 రాత్రి కూలింది. 2017కల్లా కొత్త గోపురం లేచింది, ఏడేళ్లు. మంచిదే, మనమూ దండం పెట్టుకున్నాం. ఆ ఏడేళ్లలో, ఆ తరవాత ఇన్నేళ్లలో, ఆ వాడకు ఇరవై పట్టాలు రాయడానికి ఒక పెన్ను లేవలేదు.

కాబట్టి స్తూపం వద్దని మేం అనడం లేదు. కట్టుకోండి, మీ పట్టా భూమిలో, మీ డబ్బుతో. వాడ నుంచి చందా వసూలు చేయొద్దు, ఇచ్చినోళ్లకు తిరిగి ఇచ్చేయండి. పలక మీద "ఆయనే" అనే మాట తీసేసి, కట్ట పోసినోళ్లు, తూము కాసినోళ్లు, ఎలుకలు పట్టినోళ్లు అని మూడు వరుసలు చెక్కండి. ఊళ్లో పెద్దోళ్లకు ఆ పేర్లు ఇప్పటికీ నోటికి వచ్చు, అడిగితే చెప్తారు. ఇంకో పదేళ్లు పోతే చెప్పేవాళ్లు ఉండరు.

మేం చేయబోయేది ఇది. ఆ సర్వే నంబరు ఏ తరగతి భూమి, స్తూపానికి ఎవరు అనుమతి ఇచ్చినారు, వాడ ఇండ్ల పట్టా అర్జీలు ఎక్కడ ఆగినాయి అని సమాచార హక్కు కింద తహసీల్దార్ ఆఫీసులో అర్జీ వేస్తాం. వచ్చే గ్రామసభలో అదే కాగితం చదువుతాం, తీర్మానం పుస్తకంలో రాయమంటాం. రాయకపోతే రాయలేదని రాసి సంతకాలు పెట్టి కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు పోతాం. నెల్లూరు ఐటీడీఏకు కూడా ఒక కాపీ. గ్రామసభ రోజు తిరుపతిలో, నెల్లూరులో హాస్టళ్లలో ఉన్నోళ్లు ఒక్క పూట సెలవు పెట్టి రండి. ఆడపిల్లలు ముందు వరుసలో కూర్చోండి, మైకు మీ చేతికి ఇస్తాం. ఎవరూ గొంతు పెంచొద్దు, దొర కుటుంబాన్ని ఒక్క మాట అనొద్దు. అట్లా అంటే మన మాట పక్కదారి పడుతుంది, వాళ్లకు కావాల్సింది కూడా అదే.

మీ ఊళ్లలో కూడా ఇట్లాంటి వాడలు ఉంటాయి. తొట్టంబేడు, కేవీబీ పురం, బుచ్చినాయుడు కండ్రిగ, వరదయ్యపాళెం వైపు వాళ్లు ముఖ్యంగా చూడండి. వాడ ఏ సర్వే నంబరులో ఉంది, ఎన్ని ఇండ్లు, ఎన్ని ఏళ్లుగా ఉండారు, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది, పాత ఇంటి పన్ను రసీదు ఏమన్నా దొరుకుతుందా, ఇవి రాసి పంపండి. ఆధార్ లేనోళ్ల పేర్లు విడిగా రాయండి, వాళ్ల కాగితాలు ముందు చేయించాల. అర్జీ మేమే రాసిస్తాం, మీరు వేలిముద్ర కాకుండా సంతకం పెట్టించండి. సంతకం రాని పెద్దోళ్లకు ఈ వారంలో కూర్చుని నేర్పించండి, మూడు రోజులు చాలు.